లెన్సు లోపాన్ని లెక్కలు సరిదిద్దుతాయి

సంపాదకులకు నమస్కారం.

మంచి మైక్రోస్కోపు అంటే ఖరీదైన లెన్సే అనుకుంటారు చాలామంది. రోజూ రక్తం స్లైడ్లు చూసే ల్యాబ్ టెక్నీషియన్‌గా ఈ ఉత్తరం రాస్తున్నాను. తక్కువ పవరు లెన్సులో మధ్యనున్న కణాల అంచులు గీసినట్టుంటాయి. పక్కకు వెళ్లేకొద్దీ అవే కణాలు తోకచుక్కల్లా సాగుతాయి. ఫోకస్ ఎంత తిప్పినా ఆ తోక పోదు. అది లెన్సులోనే ఉన్న దోషం.

2013లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫూరియర్ టైకోగ్రఫీ అనే పద్ధతి చూపించారు. స్లైడు కింద మామూలు దీపం బదులు ఎల్‌ఈడీల పలక పెట్టి, ఒక్కొక్కటే వెలిగిస్తూ ఫొటోలు తీస్తారు. వెలుగు కోణం మారినప్పుడల్లా స్లైడులోని మరికొంత సూక్ష్మ వివరం లెన్సులోకి చేరుతుంది. పక్కపక్క ఎల్‌ఈడీల ఫొటోల్లో కొంత సమాచారం ఉమ్మడిగా ఉంటుంది. అదే కీలకం. దాని ఆధారంగా కంప్యూటరు ఫొటోలను కలుపుతూనే, లెన్సు వెలుగును ఎక్కడ ఎంత వంకర తిప్పుతోందో కూడా పట్టేసి సరిచేస్తుంది. వాళ్లు రెండు రెట్లు పెంచే లెన్సుతోనే 0.78 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరం రాబట్టారు!

ఫొటోలు ఎక్కువ తీయాలి, మందమైన నమూనాలకు మామూలు లెక్క చాలదు, నిజమే. అయినా పలచటి స్లైడ్లతో పనిచేసే మాలాంటి వాళ్లకిది పెద్ద మేలు. మీ సైన్సు పేజీలో దీని గురించి బొమ్మలతో వివరంగా రాయించండి.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్