దోమల దినోత్సవానికి నేను రాను
రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. ఆగస్టు 20న జరిగే ప్రపంచ దోమల దినోత్సవానికి రమ్మని నాకు ఆహ్వానం అందింది. విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ హోదాలో వేదిక మీద కూర్చోవాలట, మలేరియా దోమ గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ పటానికి పూలమాల వేయాలట, ఆ తర్వాత బడిపిల్లల ర్యాలీకి జెండా ఊపాలట. నాలుగు అర్జీలు పెట్టుకుంటే ఒక్కదానికీ సరైన జవాబు రాని ఇంటికి అడగకుండానే ఆహ్వానపత్రం వచ్చింది. సంతోషం. కానీ నేను రాను. ఎందుకు రానో కింది అధికారులకు చెప్పి చూశాను, వినలేదు. ఇప్పుడు మీకే, పదిమందీ చదివేలా చెబుతున్నాను.

పథకాల సంగతి మీకు తెలియనిది కాదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ములుగు జిల్లాలో, తాడ్వాయి అడవి అంచున మా ఆరోగ్య కేంద్రం ఉంది. అందులో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఉంది. ఖాళీ కూడా కాదు, భర్తీ అయింది. జీతం నెలనెలా మా కేంద్రం పద్దులోనే పడుతోంది. మనిషి మాత్రం డిప్యుటేషన్ మీద పట్టణంలో ఉన్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను, పంపితే వెళ్లాడు. తాత్కాలికమని చెప్పిన ఆ డిప్యుటేషన్‌కు ఈ వానాకాలంతో మూడేళ్లు నిండుతాయి. మైక్రోస్కోపు బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. తాళంచెవి కూడా డిప్యుటేషన్ మీదే వెళ్లిందేమోనని నా అనుమానం.

దీనివల్ల జరిగేది ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే సమీక్షా సమావేశాల్లో ఇది ఎవరూ చెప్పరు. జ్వరం వచ్చిన మనిషి వేలు గుచ్చి, మలేరియా పరీక్ష కోసం ఆశ కార్యకర్త రక్తపూత తీస్తుంది. ఒకే గాజుపలక మీద ఒకవైపు మందపాటి చుక్క, రెండోవైపు పలుచని పూత. పలుచని పూత మీద పెన్సిలుతో నంబరు రాస్తుంది. ఆరబెట్టి, బడి నోటుపుస్తకం కాగితంలో చుట్టి పెడుతుంది. ఆరబెట్టే ఆ పది నిమిషాలూ పక్కనే కూర్చుని ఈగలను తోలాలి, లేకపోతే అవి రక్తం నాకేసి వట్టి గాజు మిగులుస్తాయి. ఆ పొట్లం ఏఎన్ఎం వచ్చేదాకా ఆశ ఇంట్లో, అక్కడి నుంచి ఆరోగ్య కేంద్రంలో, జిల్లా కేంద్రానికి ఏదైనా వాహనం కదిలేదాకా అట్టపెట్టెలో ఉంటుంది. ఈలోగా వాగు పొంగితే పొట్లం కూడా మాలాగే గట్టున ఆగుతుంది. 2023 జూలైలో మా జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతటి వాన ఏటా రాకపోవచ్చు. జంపన్న వాగు పొంగడం మాత్రం ఏటా ఉన్నదే.

ఇందులో పని తెలిసినవాళ్లకే తెలిసే చిక్కు ఒకటి ఉంది. మందపాటి చుక్కను తాజాగా ఉన్నప్పుడే రంగులో ముంచాలి. వారం పదిరోజులు ఉక్కలో మగ్గితే అది గాజుకు పట్టేసి గట్టిపడుతుంది. అప్పుడు ఎంత కడిగినా ఎర్రకణాల రంగు వదలదు. లెన్స్ కింద మట్టిగోడలా కనిపిస్తుందంతే, లోపల పరాన్నజీవి ఉన్నా కంటికి దొరకదు. ఆలస్యంగా వచ్చే రిపోర్టు ఆలస్యంతో ఆగదు, అబద్ధం కూడా ఆడగలదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ గొట్టంలో కన్ను పెట్టి చూసినవాడిగా చెబుతున్నాను.

నిరుడు మా చెల్లెలి కూతురు ఏడో నెలలో తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అత్తవారిది హనుమకొండ. వచ్చిన మూడో వారంలో చలిజ్వరం. ఆశ కార్యకర్త వచ్చింది, చేతిలో సంచి ఉంది, అందులో మలేరియా పరీక్ష కిట్లు లేవు. "నెల రోజులైంది అన్నా, అడిగితే పైనుంచే రావడం లేదంటున్నారు" అని, రక్తపూత తీసుకుంది. నేను ఆ గాజుపలక పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచాను. బీరువా ఎదుట నిలబడి అడిగాను: ఒక్క గంట తెరవండి, రంగు సీసా ఇవ్వండి, నేను చూసి చెబుతాను. విశ్రాంత ఉద్యోగులు ప్రభుత్వ పరికరం ముట్టుకోకూడదని చెప్పారు. నిబంధన అదే అయి ఉండవచ్చు. ఆ మైక్రోస్కోపు వచ్చిన రోజు పెట్టె విప్పి, అద్దాలు తుడిచి, స్టాకు రిజిస్టరులో ఎక్కించింది నేను. అద్దాల తలుపులో నుంచి అది నాకు కనిపిస్తూనే ఉంది, మీద కప్పిన గుడ్డతో సహా.

అప్పటికే రోడ్డు మీద వాగు. నాలుగో రోజు రాత్రి పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. 108 వాహనం వాగు అవతల ఆగింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురం దాటించాం. పట్టణంలో పరీక్ష చేస్తే ప్రాణాల మీదకు తెచ్చే ఫాల్సిపేరం రకం మలేరియా, రక్తం ఆరు గ్రాములు. నెలలు నిండని బిడ్డ పుట్టింది, బరువు 1,600 గ్రాములు. అదృష్టం కొద్దీ తల్లీబిడ్డా బతికారు. బిడ్డ ఇంకా గాజుపెట్టెలో ఉండగానే, రక్తపూత తీసిన పన్నెండో రోజున, మా ఇంటికి రిపోర్టు వచ్చింది. ఫాల్సిపేరం పాజిటివ్. కింద ఎర్ర సిరాతో "గర్భిణి, తక్షణ చికిత్స అవసరం" అని రాసి ముద్ర వేశారు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. తక్షణం అనే మాటకు ప్రభుత్వ నిఘంటువులో పన్నెండు రోజులని అర్థం ఉంటే ముందే చెప్పాల్సింది, దానికి తగ్గట్టు జ్వరం తెచ్చుకునేవాళ్లం.

ఇది మా ఇంటి కథ, రాయగలిగినవాడిని కాబట్టి రాస్తున్నాను. వాగు అవతల గొత్తికోయ ఆదివాసుల గూడెంలో ఇలాంటివి ఎన్ని జరిగాయో ఎవరు రాస్తారు? అక్కడి ఆడవాళ్లలో చాలామందికి ఆధార్ లేదు. ఆధార్ లేనిదే పథకం లేదు, ఖాతా లేదు. దోమ మాత్రం కార్డు అడగడం లేదు.

ప్రజావాణిలో నాలుగుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిసారి రసీదు మాత్రమే ఇచ్చారు. రెండోసారి సంబంధిత శాఖకు పంపామన్నారు. మూడోసారి కూడా అదే మాట. నాలుగోసారి నా ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. పరుగున వెళ్లి చూశాను. బీరువాకు అదే తాళం. ఏది పరిష్కారమైందో చెప్పమని ఐదో అర్జీ పెడదామనుకుని, సిగ్గేసి మానుకున్నాను.

ఇక రాస్ గారి సంగతి. 1897 ఆగస్టు 20న ఆయన మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది ఇక్కడే, మన సికింద్రాబాదులో. చెమటకు తుప్పుపట్టిన మరలు, పగిలిన కంటి అద్దం ఉన్న మైక్రోస్కోపుతో చూశాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా లాగించుకోలేదు. ఆయన దోమలకు చేయి చాచిన హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చెల్లించాడు. అణాకు ఇవాళ్టి విలువ ఎంతో లెక్క కట్టను గానీ, ఖాన్ గారికి అది అందింది. మా ఆశ కార్యకర్తకు ఒక్కో రక్తపూతకు రావలసిన 15 రూపాయలు ఎనిమిది నెలలుగా బాకీ. రాస్ పటానికి దండ వేసే ముందు ఆ బాకీ తీర్చితే ఆయనే సంతోషిస్తాడు.

నేను పాతకాలపు మనిషినని, కొత్త పరిశోధనలు తెలియక గొణుగుతున్నానని అనుకోకండి. మా చిన్నమ్మాయి హనుమకొండలో మైక్రోబయాలజీ చదువుతోంది, చదివినవన్నీ నాకు చెబుతుంది. కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున, మలేరియా మోసే అనాఫిలిస్ దోమల్లో మైక్రోస్పోరిడియా ఎంబీ అనే సూక్ష్మజీవి దొరికిందట. 2020లో ప్రకటించారు. అది దోమ పేగుల్లో, అండాశయంలో కాపురం ఉంటుంది. దోమకు కీడు చేయదు, కానీ మలేరియా పరాన్నజీవిని లోపల ఎదగనివ్వదు. తల్లిదోమ నుంచి గుడ్లకు, గుడ్ల నుంచి పిల్లలకు దిగుతుంది. స్పెయిన్‌లోని ఒక ప్రయోగశాలలోనైతే పెంపుడు దోమలకు ఉన్నట్టుండి మలేరియా అంటడం మానేసింది. కారణం వెతికితే డెల్ఫ్టియా అనే బ్యాక్టీరియా. హార్మేన్ అనే పదార్థాన్ని విడుదల చేసి అది పరాన్నజీవిని అడ్డుకుంటోందని 2023లో తేల్చారు. ఇది విని నేను చాలాసేపు మాట్లాడలేదు. దోమ కూడా తన పిల్లలకు ఒక రక్షణ ఇచ్చి పంపగలుగుతోంది. మా ఆడపిల్ల జ్వరంతో కన్నది.

ఇవేవీ రేపు పొద్దున మా ఊరికి వచ్చేవి కావు, ఆ మాత్రం తెలుసు. కానీ మా పొలాల పక్క నిలిచిన నీళ్లలో క్యూలిసిఫేసిస్, అడవి వాగుల్లో మెల్లగా పారే నీటి అంచున ఫ్లూవియాటిలిస్ అనే మలేరియా దోమలు పుడుతూనే ఉన్నాయి. వాటి కడుపులో ఎలాంటి సూక్ష్మజీవులు ఉన్నాయో, అలాంటి చుట్టం ఒకటి ఇక్కడా ఉందేమో చూడమని ఎవరికైనా చెప్పారా? కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివే పిల్లలు ఉన్నారు. దోమలు పట్టడానికి మా ఊరి పశువుల కొట్టాలు ఉన్నాయి, కరెంటు బిల్లు కూడా అక్కర్లేదు.

పరిశోధనల్లోనూ కడుపుతో ఉన్న ఆడమనిషిది చివరి వరసే. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో మందుల పరీక్షల్లోకి గర్భిణులను రానివ్వలేదు. భయం న్యాయమైనదే. ఫలితం మాత్రం ఆమే అనుభవించింది. మిగతావాళ్లకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న ఆర్టిమెథర్ లూమెఫాంట్రిన్ అనే మలేరియా మాత్రలను తొలి మూడు నెలల గర్భిణికీ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో గానీ చెప్పలేదు. అప్పటిదాకా ఆమెకు క్వినైనే గతి, చెవుల్లో హోరుతో, పడిపోయే చక్కెరతో. వైవాక్స్ అనే మరో రకం మలేరియా వస్తే కాలేయంలో దాగినదాన్ని తుడిచే ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు, కాబట్టి జ్వరం మళ్లీ తిరగబెట్టినా భరించాలి. ఇంకొకటి. ఫాల్సిపేరం పట్టిన ఎర్రకణాలు కడుపులో బిడ్డను పోషించే మాయకు అతుక్కుని అక్కడే ఉండిపోతాయి. వేలి చివరి చుక్కలో ఏమీ కనిపించకుండానే మాయ నిండా ఉండవచ్చు. మన పెద్దలు దానికి మాయ అని ఊరికే పేరు పెట్టలేదేమో. అంటే సకాలంలో చూసిన రక్తపూతే ఒక్కోసారి మోసపోతుంది. పన్నెండు రోజుల తర్వాత చూసినదాని సంగతి మీరే ఆలోచించండి.

మలేరియా తగ్గలేదని నేను అనను. తగ్గింది. ఒకప్పుడు వానాకాలంలో రోజుకు డెబ్బై పూతలు చూసి కళ్లు మండి ఇంటికి వెళ్లేవాణ్ణి. 2027కల్లా స్థానికంగా ఒక్క కేసు కూడా లేకుండా చేస్తామని, 2030కల్లా పూర్తిగా నిర్మూలిస్తామని దేశం మాట ఇచ్చింది. మంచిదే. చూడని జ్వరం లెక్కలోకి రాదు కాబట్టి, బీరువా ఇలాగే మూసి ఉంచితే మా మండలం ఆ లక్ష్యాన్ని గడువుకు ముందే చేరుకుంటుంది.

నేను అడిగేది కొత్త భవనం కాదు. ఆ టెక్నీషియన్‌ను వెనక్కి పంపండి. ఆయన రాలేకపోతే ఇంకొకరిని పంపండి. ఇంకొకరు లేకపోతే నాకు అనుమతి ఇవ్వండి, జీతం వద్దు, లెన్స్ కింద వేసే నూనె చుక్క కూడా నా డబ్బుతో తెచ్చుకుంటాను. ఆశల సంచిలో కిట్లు ఉండేలా చూడండి. వానలకు ముందే ఉండేలా చూడండి, వాగు పొంగాక పంపితే అవి కూడా గట్టునే ఆగుతాయి. కడుపుతో ఉన్నవారి రక్తపూత ఆ రోజే చూసేలా చేయండి. వాగు అవతలివాళ్లవి కూడా. ఆశల 15 రూపాయలు ఇప్పించండి. దోమల మీద పరిశోధన సంగతి ఎవరికైనా చెప్పండి. అన్నిటికంటే ముందు ఆ టెక్నీషియన్‌ను వెనక్కి పంపండి.

మా మేనకోడలు మళ్లీ కడుపుతో ఉంది, నాలుగో నెల. ఈసారి కాన్పుకు పుట్టింటికి పంపేది లేదని వియ్యపురాలు ఖచ్చితంగా చెప్పేసింది. మా చెల్లెలు ఏడుస్తోంది గానీ ఆమెను తప్పు పట్టలేకపోతోంది, నేనూ పట్టలేకపోతున్నాను.

రసీదులు నాలుగూ, ఎర్ర సిరా రిపోర్టు నకలూ ఈ లేఖకు జతపరిచాను. ఆహ్వానపత్రం కూడా తిప్పి పంపుతున్నాను. దాని వెనక భాగం తెల్లగానే ఉంది, బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందులో రాసి పంపితే చాలు.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
తాడ్వాయి మండలం, ములుగు జిల్లా