మడమకూ అదే మిషను, మోకాలికీ అదే మిషనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. పండగలకీ, పిల్లల ఫీజులకీ అడ్వాన్సు అడిగే మా హమాలీలు ఈ మధ్య షాక్‌వేవ్ (నొప్పి ఉన్నచోట మిషనుతో దెబ్బలు కొట్టించే వైద్యం) ప్యాకేజీకి కూడా అడుగుతున్నారు. భుజం నొప్పి అని పోయినా అదే, మడమ అన్నా అదే, నడుము, మోకాలు ఏది చెప్పినా అదే వైద్యం. చెయ్యి ఎత్తించి చూసింది లేదు, ఎక్కడ నొక్కితే నొప్పో అడిగింది లేదు, కూర్చోగానే ఇన్ని సిట్టింగులు, మొత్తం ముందే కడితే డిస్కౌంట్ అని బేరం మొదలవుతుంది. బస్తా లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ పైసలు ఎన్ని లారీల లోడో మీరే లెక్కేసుకోండి.

ఒకాయనకు తోడుగా పోయి దగ్గరుండి చూశాను. మడమకు జెల్ పూసి పిస్తోలు లాంటి దాన్ని ఆనించి పట్టుకున్నారు. పక్కన కంప్రెసర్ గాలి తోస్తుంటే ఆ పిడి లోపల చిన్న ఇనుప ముక్క టకటకా వచ్చి కొడుతుంది, ఆ దెబ్బ ఒత్తిడి చర్మం దాటి లోపలికి పోతుంది. కరెంటు పెట్టేదేమీ లేదు, కానీ నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, ఆయన బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగపట్టాడు. 2 వేల దెబ్బలు ఐదారు నిమిషాల్లో అయిపోయాయి. ఇది రేడియల్ రకం, దీని బలం పైపైనే ఎక్కువ. లోతుగా ఒకేచోట పనిచేసే ఫోకస్డ్ రకం వేరే ఉంది, కానీ క్లినిక్ బోర్డు మీద ఏ రకమో రాయరు.

అట్లాగని ఇది బోగస్ అనడం లేదు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆపరేషన్ లేకుండా కిడ్నీ రాళ్లు పగలగొట్టడానికి మొదలైన పద్ధతి, తర్వాత టెండన్ల (కండను ఎముకకు కట్టిపట్టే పట్టీల) వైపు వచ్చింది. మొండి మడమ నొప్పికి అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2000లోనే అనుమతి ఇచ్చింది. ఆ దెబ్బలకు ఒళ్లే మరమ్మతు మొదలుపెడుతుందన్నది డాక్టర్ల లెక్క, అందుకే ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. ఇక్కడేమో సాయంత్రం మిషను, పొద్దున్నే మళ్లీ బస్తా! వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ, భుజం నొప్పుల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష 2020లో వచ్చింది, చెప్పుకోదగ్గ లాభం పెద్దగా లేదని తేల్చింది. మోచేయి నొప్పి మీద అంతకు చాలా ముందే అదే మాట అన్నారు. మరి మా వాళ్లకు ముందు పోయేది భుజాలే కదా.

మన జిల్లాకు ఇంకో చిక్కుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్లకు ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయి వచ్చే నొప్పులు వేరు. వాటిని ఈ మిషను కదిలించలేదు. ఆ సంగతి అడగకుండానే ప్యాకేజీ రాస్తే ఎట్లా?

రక్తం పలచబడే గోలీలు వాడేవాళ్లకు, గర్భిణులకు, ఆ చోట క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లకు ఇది చేయకూడదు. ఎదిగే పిల్లల ఎముకల కొసల దగ్గర కూడా వద్దు. ఆర్‌ఎంపీ దగ్గర మడమకు స్టెరాయిడ్ సూది వేయించుకుని వచ్చిన మనిషికి వెంటనే మొదలుపెట్టడమూ మంచిది కాదు, ఆ సూదికే టెండన్ బలహీనపడి ఉండొచ్చు. నేను పోయిన చోట ఇవేవీ అడగలేదు.

అసలు ఖర్చు లేని వైద్యం ముందు చెప్పాలి. మడమ వెనక టెండన్ నొప్పికి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించడం, పిక్కలు సాగదీయడం రోజూ చేస్తే చాలామందికి మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. ఓపిక కావాలి, నిజమే. కానీ ఇది నేర్పితే ప్యాకేజీ అమ్ముడుపోదు, అందుకే నేర్పరేమోనని నా అనుమానం.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండకు 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ పెద్దాసుపత్రుల్లో మంచి మిషను పెట్టి, ఎముకల డాక్టర్ చూసి రాస్తేనే, ఫిజియోథెరపిస్ట్ చేతనే చేయించాలి. ఏరియా ఆసుపత్రుల్లో వ్యాయామాల బొమ్మలతో తెలుగు కాగితం ఒకటి ఇస్తే దానికయ్యే ఖర్చెంత? ప్రైవేటు క్లినిక్‌లలో ఒక్కో సిట్టింగ్ రేటు, మిషను రకం, చేసేవాళ్ల అర్హత గోడ మీద కనిపించేట్టు రాయించాలి, మొత్తం డబ్బు ముందే కట్టించుకోవడం ఆపించాలి. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారు ఒకసారి తిరిగి చూస్తే బాగుంటుంది. వడ్ల సీజన్ మొదలైతే మా హమాలీలకు దవాఖానకు పోయే తీరికే ఉండదు, ఆలోపే ఈ పని జరగాలని కోరుతున్నాను.

— ఒక మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ