బరంపురం రోడ్డు పక్క మూడు గజాల చోటు గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేం తరాలుగా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్లం. మా ఊళ్లో రోడ్డు పక్క చోటును జనం ఎలా వాడుకుంటారో కొత్తగా వచ్చినవాళ్లకి ఒక పట్టాన అర్థం కాదు. ఏ ప్లాను కాగితంలోనూ అది కనిపించదు. మీకు రాయాలనిపించింది అందుకే.

స్టేషన్ దగ్గరో, పెద్దాస్పత్రి రోడ్డులోనో, గిరి రోడ్డు మలుపులోనో మూడు గజాల జాగా తీసుకోండి. తెల్లారకముందే అక్కడ టిఫిన్ బండి ఉంటుంది. పది దాటాక టిఫిన్ బండి ఆమె గిన్నెలు సర్దుకుని వెళ్లేసరికి అరటిపళ్ల బండి వచ్చి నిలబడుతుంది. ఎండ దిగాక గుప్‌చుప్, అంటే పానీపూరీ, అమ్మే కుర్రాడు వస్తాడు. రాత్రి కొట్లన్నీ కట్టేశాక అదే చోట ఆటో పెట్టి డ్రైవర్ ఇంటికి పోతాడు. దీనికి బోర్డు లేదు, రాతకోతలు లేవు. ఒకరు సర్దుకోవడం ఆలస్యమైతే రెండోవాళ్లు ఆగుతారు. ఒకరు ఊరెళితే వాళ్ల చోటు పక్కవాళ్లు కాపాడతారు. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

మా వీధి చివర టిఫిన్ బండి పెట్టే ఆమెను మేమంతా అప్పా అని పిలుస్తాం. ఒడియావాళ్లకి ఆమె మౌసి. అడ్డాకు దొన్నెలో ఉప్మా పెట్టి, దాని మీద వేడి వేడి ఘుగుని (బఠాణీల కూర) గరిటెతో పోస్తుంది. ఘుగుని వద్దన్నవాళ్లకి అల్లం చట్నీ. ఒకాయనకి ఒడియాలో చిల్లర లెక్క చెబుతూనే నా వైపు తిరిగి "బాబూ, ఇంకో వడ వెయ్యనా" అంటుంది. ఆస్పత్రిలో రోగులకు తోడుగా ఉన్నవాళ్లు, గజపతి జిల్లా నుంచి, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్లు, తెల్లవారుజామున రైలు దిగిన కాలేజీ పిల్లలు, అందరూ అక్కడే తింటారు. ఆ వేళకి తెరిచి ఉన్న హోటళ్లు తక్కువ. ఉన్నా ఆ ధరకి పెట్టవు.

ఒకరోజు పొద్దున, సరిగ్గా జనం ఉన్న వేళకి, బండ్లు ఎత్తుకెళ్లే కార్పొరేషన్ వ్యాను వచ్చి ఆగింది. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వెళ్తున్నారట. ముందు రోజు ఒక మాట చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. బండి ఎత్తేటప్పుడు ఘుగుని గిన్నె ఒరిగి రోడ్డంతా పారింది. ఆమె ఏమీ అనలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బండి ఎక్కడుందో కనుక్కుని, పది మందిని బతిమాలి వెనక్కి తెచ్చుకునేసరికి ఇడ్లీ పిండి పనికిరాకుండా పోయింది. ఆమె అప్పుడు కడుతున్నది కేంద్ర ప్రభుత్వం వీధి వ్యాపారులకు అప్పులిచ్చేందుకు 2020 జూన్‌లో మొదలుపెట్టిన పీఎం స్వనిధి పథకం కింద తీసుకున్న 10,000 రూపాయల అప్పు. అంటే బ్యాంకు పుస్తకంలో ఆమె వీధి వ్యాపారి, అదే వీధిలో ఆక్రమణదారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషికి ఎలా పొసుగుతాయో మీరే చెప్పాలి.

అయ్యా, చట్టం మా వైపు ఉంది. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ముందు సర్వే చేయాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. తొలగించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. ఊరి జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపించాలి. 2011 లెక్కల్లోనే మా ఊరి జనాభా మూడున్నర లక్షలు దాటింది కాబట్టి, ఆ లెక్కన దాదాపు 8,900 మంది. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఒకే చోటును వేళల వారీగా పంచుకుని అమ్ముకునే పద్ధతిని కూడా ఆ చట్టం గుర్తించింది. మా ఊరు తనంతట తాను చేసుకుంటున్నది అదే కదా!

ఊరి చివర షెడ్లు వేసి అందరినీ అక్కడికి పొమ్మంటే మాత్రం ఏం లాభం లేదు. రోగికి కాపలా ఉన్న మనిషి ఇడ్లీ కోసం ఆటో ఎక్కి వెళ్తాడా? కొనేవాళ్లున్న చోటే బజారవుతుంది.

నడిచేవాళ్ల ఇబ్బంది నాకూ తెలుసు. ఆస్పత్రి గేటు ముందు అంబులెన్స్‌కి దారి ఉండి తీరాలి, అందులో రాజీ లేదు. అక్కడ గీత గీయండి, దాటినవాళ్లకి జరిమానా వేయండి. కానీ పెద్ద షాపుల ముందు రోజంతా కదలని కార్లు ఎంత చోటు తింటున్నాయో కూడా కొలిపించండి. తోపుడు బండికి చక్రాలున్నాయి, చెబితే పక్కకి జరుగుతుంది.

ఇది జరగని పనని ఎవరైనా మీతో అంటే, బుఢీ ఠాకురాణి యాత్ర చూడమనండి. రెండేళ్లకోసారి ఇక్కడి నేతవాళ్ల కులపెద్ద దేశిబెహరా వారి ఇంటికి, పుట్టింటికి వచ్చినట్టుగా అమ్మవారు వస్తుంది. ఇంచుమించు నెల రోజులు పాత ఊరి వీధులన్నీ రాత్రిళ్లు జనంతో కిటకిటలాడతాయి. పులి వేషాలు, రథాలు, బొమ్మల బండ్లు, మిఠాయి బండ్లు, అన్నిటికీ చోటు దొరుకుతుంది. బళ్లు ఏ దారిన మళ్లాలో పోలీసులు చూసుకుంటారు. లక్షల మంది వచ్చే యాత్రకి వేళలు, హద్దులు పెట్టగలిగిన యంత్రాంగానికి ఒక టిఫిన్ బండి లెక్కా?

పైగా ఇది వి.వి.గిరి పుట్టిన ఊరు. రైల్వే కార్మికుల కోసం సంఘం నడిపిన మనిషి, తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరున్న రోడ్డు మీద కష్టపడి బతికేవాళ్లని నోటీసు లేకుండా తరమడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

మేం కోరేది ఇంతే. వచ్చే ఠాకురాణి యాత్రలోపు బరంపురంలో వీధి వ్యాపారుల సర్వే కొత్తగా, పూర్తిగా చేయించండి. సర్వేవాళ్లని పగలు పదకొండింటికి మాత్రమే పంపితే టిఫిన్ బండ్లు, సాయంత్రం బండ్లు రెండూ లెక్కలోకి రావు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంపండి. ఫారాలు ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వండి. సర్వే తర్వాత వ్యాపారులకు ఇచ్చే సర్టిఫికెట్ మీద చోటుతో పాటు వేళ కూడా రాయించండి. ఆ సర్టిఫికెట్ చూపించిన బండి మీద, నోటీసు గడువు తీరకుండా ఎవరూ చెయ్యి వేయకూడదని మీ సంతకంతో ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
బరంపురం నివాసి
గంజాం జిల్లా, ఒడిశా