కరెంటుతో వేగుతున్నావా అని అడిగిన కూతురికి

హైదరాబాద్

అమ్మడూ,

ఆదివారం మనం మాట్లాడుకుంటుండగా నా ముఖం నోరు తెరుచుకుని తెర మీద బిగుసుకుపోయిందట. దాన్ని ఫొటో తీసి మీ అన్నకు కూడా పంపావట. నవ్వుకోండి. ఇక్కడ కరెంటు పోయి వైఫై ఆగింది, అంతకు మించి ఏమీ లేదు. ఆ తర్వాత నువ్వు పెట్టిన మెసేజీకి ఇది జవాబు. "ఆ కరెంటుతో ఎలా వేగుతున్నావమ్మా, నా దగ్గరకు వచ్చెయ్" అన్నావు. పిలిచావు, సంతోషం. కానీ నేను కరెంటుతో వేగడం లేదు. అది లేనప్పుడు వేగుతున్నాను. రోజులో ఎక్కువసేపు ఉంటుంది, ఉన్నంతసేపూ నా బతుకంతా దాని మీదే నడుస్తుంది.

నువ్వు పుట్టకముందు నాది కాలితో తొక్కే కుట్టు మిషను. శ్రావణమాసం వచ్చిందంటే రాత్రిళ్లు మోకాళ్లకు నూనె రాసుకుని పడుకోవడమే. మోటారు బిగించుకున్నాక అదే జాకెట్టు సగం సమయంలో తయారైంది. ఇక ఇస్త్రీ. బొగ్గుల పెట్టె పట్టుకుని పట్టుచీర ముందు కూర్చుంటే ఎప్పుడు నిప్పురవ్వ ఎగిరి పడుతుందోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. ఇప్పుడు బట్టను బట్టి పెట్టె మీది బిళ్ల తిప్పితే చాలు. ఈ సుఖం రోజూ గుర్తుంటుందా అంటే ఉండదు. పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగా కరెంటు పోయి, మోటారు బెల్టు తప్పించి మళ్లీ తొక్కడం మొదలుపెడితే మాత్రం బాగా గుర్తొస్తుంది. తొక్కుడు పలక పాత ఇనుము కింద అమ్మేయమని మీ నాన్న ఇప్పటికీ పోరుతూనే ఉన్నారు. నేను అమ్మను.

ఆయన ఇన్సులిన్ సంగతి నీకు తెలుసు. మూత తీయని సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. అందుకని కరెంటు పోగానే ఫ్రిజ్ తలుపు ఎవరూ ముట్టుకోకూడదని నా ఉత్తర్వు. తెరవకపోతే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. మీ నాన్నకు సరిగ్గా అప్పుడే చల్లటి నీళ్లు కావాలి.

నీళ్లంటే మరో మాట. పూర్వం గండిపేట నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి వాటంతట అవే ఊళ్లోకి వచ్చేవి. ఇప్పుడు మన నల్లాలో పడే కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో తోడి పంపాలి. దారిలో ఎక్కడో ఒక పంపింగ్ కేంద్రానికి కరెంటు ఆగితే, మన ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నా బిందెలు ఖాళీయే.

మీ తాతయ్యకైతే కరెంటు ఎప్పుడిస్తే అప్పుడే పొలానికి నీళ్లు. చాలాసార్లు అది అర్ధరాత్రి దాటాకే వచ్చేది. చేతిలో టార్చిలైటు, తడిమట్టిలో ఉత్త కాళ్లు, గట్ల మీద పాములు, తుప్పుపట్టిన స్టార్టరు డబ్బా. ఆయన తిరిగొచ్చేదాకా మా అమ్మ కన్ను మూసేది కాదు. మా ఊళ్లో స్టార్టరు దగ్గర షాకు కొట్టి పోయినవాళ్లున్నారు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు మీ మామయ్య ఫోన్ చేసి పంట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఇక పగలే నీళ్లు పెట్టుకుంటానని మాత్రం చెప్పాడు. మా అమ్మ అప్పటికి లేదు.

2012 నీకు గుర్తుండాలి. ఫ్యాక్టరీలకు కరెంటే ఇవ్వని పవర్ హాలిడేలు, ఇళ్లకు వేళలు పెట్టి మరీ కోతలు. ఏ వేళకు కోతో కాగితం మీద రాసి నీ బల్ల ముందు గోడకు అతికించాను. పదో తరగతి పాఠాలన్నీ ఆ కాగితం చూసుకుని చదివావు. ఇప్పుడు ఆ రకం కోతలు లేవు. గాలివానకు కొమ్మ విరిగో, ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేకో పోతుంది. మన వీధిలో పాత పెంకుటిళ్లన్నీ అయిదంతస్తులయ్యాయి, ఒక్కో ఏసీ ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకో, ఎదురింట్లో సీరియల్ నడుస్తూనే ఉంటుంది, మనం చీకట్లో కూర్చుని దాని పాట వినాలి. అంతకంటే వీధంతా పోవడమే నయం.

మొన్నటి గాలివానకు వీధి చివర వేపకొమ్మ తీగల మీద పడింది. లైన్‌మన్ వచ్చి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు, అంటే ఆ తీగలకు కరెంటు ఆపించాడు. జల్లు పడుతూనే ఉంది. స్తంభం ఎక్కబోతూ, ఇక్కడ ఎవరైనా జనరేటర్ నడుపుతున్నారా అని అడిగాడు. సరిగా కలపని జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి తీగల్లోకి వస్తుందట. సబ్‌స్టేషన్‌లో ఆపేశారు కదా అని చెయ్యి వేస్తే మనిషి పోతాడు. అప్పటిదాకా ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అంటున్న వాళ్లమంతా పక్క సందులో ఇల్లిల్లూ తిరిగి అడిగి వచ్చాం. దిగాక టీ ఇస్తే తాగి, ఇంకో చోట బ్రేక్‌డౌన్ ఉందని వెళ్లిపోయాడు.

నువ్వు పెట్టించుకోమన్న సోలార్ కూడా ఇక్కడికే వస్తుంది. కనుక్కున్నాను. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే మామూలు రకమైతే, వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం మాడు పగిలే ఎండున్నా సరే. విని ఇదేం చోద్యం అనుకున్నాను. ఆ ఏర్పాటు స్తంభం మీది మనిషి కోసమే. బిల్లు తగ్గుతుంది కాబట్టి పెట్టించే ఆలోచన ఉంది, చీకటికి మాత్రం మన ఇన్వర్టరే దిక్కు.

2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. నువ్వు అప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నావు. ఆ రాత్రి నీ కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడు టీవీలో చూసేదాకా మనకు తెలియనే తెలియదు.

అందుకని ఏదిస్తే అది పుచ్చుకుని కూర్చున్నానని అనుకోకు. బిల్లు గడువుకు ముందే కడతాను, అడగాల్సి వస్తే గట్టిగానే అడుగుతాను. టీ ఇచ్చింది స్తంభం ఎక్కినవాడికి, పోట్లాట కుర్చీలో కూర్చున్నవాళ్లతో. తీగలకు తగులుతున్న కొమ్మలు వానలు ముదరకముందే కొట్టించమని కాలనీవాళ్ల సంతకాలతో అర్జీ ఇచ్చాం. చెట్లు మా పని కాదని ఒకచోట, తీగలు మా పని కాదని మరోచోట అన్నారు. సోమవారం అందరం కలిసి మళ్లీ వెళ్తున్నాం. ఆ అర్జీనే నువ్వు ఇంగ్లీషులో శుభ్రంగా టైపు చేసి శనివారంలోగా పంపు, రెండు చోట్లకూ ఒకే కాగితం ఇస్తాం. ఫొటోలు మీ అన్న పంపుతాడు. స్తంభం నంబరు పైనే వెయ్యి, అది లేకపోతే అక్కడ కాగితం కదలదు.

అమ్మ