విజయనగరం సంగీత కళాశాలలో దర్శకత్వం కూడా నేర్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

దాసరి నారాయణరావు గారి పుట్టినరోజు మే 4ని తెలుగు చిత్రసీమ దర్శకుల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ రోజు వచ్చే వ్యాసాల్లో ఆయన 150కి పైగా సినిమాలు తీశారన్న లెక్కే ముందుంటుంది. అన్ని సినిమాలు తీసే పని ఆయనకెలా పట్టుబడిందో మాత్రం పెద్దగా రాయరు. పాలకొల్లులో పుట్టి, నాటకాల్లోంచి సినిమాకి వచ్చిన మనిషి ఆయన. కథ, మాటలు, చాలాసార్లు పాటలు కూడా తనే రాసుకునేవారు. రాసేదీ తీసేదీ ఒకరే అయితే ఏ సీను ఎందుకుందో ఇంకొకర్ని అడగాల్సిన పనుండదు. ఆ వేగానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

1982 ఒక్క ఏడాదే చూడండి. ఒకవైపు ఎన్టీఆర్‌తో ‘బొబ్బిలి పులి’, ఇంకోవైపు సంగీతమే ప్రాణమైన ‘మేఘసందేశం’. ఈ రెండూ ఒకరే తీశారంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. 1986లో మా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కథనీ తెరకెక్కించారు. దూరదర్శన్‌కి హిందీలో ‘విశ్వామిత్ర’ సీరియల్ కూడా తీశారు.

‘మేఘసందేశం’ పాటలకి జాతీయ అవార్డు అందుకున్న పి.సుశీల గారిది విజయనగరమే. ఆవిడ చదివింది మన మహారాజా సంగీత కళాశాలలోనే. ఘంటసాల గారూ అక్కడే నేర్చుకున్నారు. గాయకులకి 1919 నుంచీ ఊళ్లోనే బడి ఉంది. సినిమా తీయాలనుకున్నవాళ్లకి ఏముంది? కోడి రామకృష్ణ, రేలంగి నరసింహారావు లాంటివాళ్లు దాసరి గారి దగ్గర అసిస్టెంట్లుగా పనిచేసి దర్శకులయ్యారు. అలా ఒక పెద్ద దర్శకుడి దగ్గర చేరడం పాలకొండ, రాజాం, ఇచ్ఛాపురం పిల్లలకి అయ్యే పనేనా? ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నారు, ఉత్సాహానికి కొదవ లేదు. కథ రాయడం, నటుడి చేత చేయించడం చెప్పేవాళ్లే లేరు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి రంగస్థల కళల విభాగం ఉంది గానీ, పగలు పని చేసుకునే కుర్రాళ్లు రోజూ అంత దూరం వెళ్లిరాలేరు.

గాత్రం, వీణ, మృదంగం నేర్పే ఆ కళాశాలలోనే నాటక రచన, దర్శకత్వాల్లో ఒక ఏడాది సర్టిఫికెట్ కోర్సు సాయంత్రం పూట పెట్టాలని రాష్ట్ర సాంస్కృతిక శాఖను కోరుతున్నాను. మొదట్లో పెద్ద కెమెరాలూ స్టూడియోలూ అక్కర్లేదు. ఇక్కడి నాటకాల్లో తలపండిన వాళ్లని గౌరవ వేతనం మీద పిలిస్తే చాలు. మా ప్రాంత ప్రజాప్రతినిధులూ ఈ మాట ప్రభుత్వం దాకా తీసుకెళ్లాలి.

- ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా