ప్యాచ్ పంపడం కూడా నేర్పండి

సంపాదకులకు,

అక్టోబరు వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘ఓపెన్ సోర్స్‌కి ఏదో ఒకటి పంపండి, రెజ్యూమేకి పనికొస్తుంది’ అనే మాట మొదలవుతుంది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ని అందరికీ తెరిచిపెట్టిన ప్రాజెక్టులు; వాటికి మార్పులు ఎలా పంపాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఓపెన్ సోర్స్‌ని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు (మా మార్పు చేర్చుకోండి అని పంపే అభ్యర్థనలకు) టీషర్టు అనేసరికి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒకటి రెండు మాటలు అటూఇటూ చేసినవి కుప్పలుతెప్పలుగా వచ్చి పడ్డాయి. ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు ఆ నెలలోనే నిబంధన మార్చారు. వచ్చిన ప్రతిదాన్నీ ఒక మనిషి తెరిచి చదవాలి. చాలా ప్రాజెక్టుల్లో ఆ మనిషికి జీతం ఉండదు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌నే తీసుకోండి. అక్కడ ప్యాచ్ (కోడ్‌లో ఏం మార్చారో చూపే పాఠం) ఈమెయిల్లోనే, ప్లెయిన్ టెక్స్ట్‌గా వెళ్లాలి. బ్రౌజర్లో జీమెయిల్ తెరిచి పేస్ట్ చేస్తే ట్యాబులు స్పేసులైపోతాయి, పొడుగు లైన్లు విరిగిపోతాయి. కంటికి బాగానే ఉంటుంది గానీ అవతలివాళ్ల కోడ్‌కి అతకదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లోని సెండ్-ఈమెయిల్ ఆదేశం వాడమనేది అందుకే. ముందు కోడ్ రాసిన పద్ధతిలో తప్పులు చూపే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపాలి. ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది.

ఎక్కువగా చెడేది ఇంకోచోట. రెండు లైన్లు సరిదిద్ది సేవ్ కొట్టగానే ఎడిటర్ ఫైలంతా తన పద్ధతిలో సర్దేస్తుంది. పాత, కొత్త కోడ్‌ల తేడా చూపే డిఫ్ తెరిస్తే నాలుగు వందల లైన్లు ఎర్రగా, పచ్చగా! అసలు మార్పు ఎక్కడుందో రాసినవాళ్లకే కనబడదు. ఆ ఆటో ఫార్మాటింగ్ ఆపేసి, గిట్ యాడ్‌కి మైనస్ పీ (-p) ఇచ్చి కావలసిన ముక్కలే ఎంచుకోవాలి. ఒక ప్యాచ్‌లో ఒకటే మార్పు ఉండాలి. రేపు ఏదైనా చెడితే ఏ మార్పుతో చెడిందో వెతికే గిట్ బైసెక్ట్‌తో తప్పు పట్టుకోవడానికీ, ఆ ఒక్కదాన్నే వెనక్కి తీయడానికీ అదే దారి.

‘బగ్ ఫిక్స్‌డ్’ అన్న సబ్జెక్టుతో ఎవరికీ ఏమీ తెలియదు. ఏ డ్రైవరు (పరికరాన్ని నడిపే కోడ్), ఏం మారింది అన్నది 75 అక్షరాల లోపు చెప్పాలి. కింద ఎందుకు మార్చారో, ఏ యంత్రం మీద పరీక్షించారో రాయాలి. పాత కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) తెచ్చిన తప్పయితే ‘ఫిక్సెస్’ లైన్లో దాని హ్యాష్ (గుర్తింపు కోడ్) తొలి 12 అక్షరాలు ఇవ్వాలి.

ప్యాచ్ వివరణ చివర పంపేవాళ్ల పేరుతో ఉండే ‘సైన్డ్-ఆఫ్-బై’ లైనును మర్యాద సంతకం అనుకుంటారు, కాదు. 2003లో తన కోడ్ లినక్స్‌లోకి చేరిందంటూ ఐబీఎమ్ మీద ఎస్‌సీఓ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దావా వేశాక, కోడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది పెద్ద ప్రశ్నైంది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పంపేవాళ్లు పూచీ పడే పద్ధతి 2004లో వచ్చింది. ఆఫీసులో రాసిన కోడ్‌ని కంపెనీ అనుమతి లేకుండా ఆ లైనుతో పంపితే చిక్కే.

జవాబు రాకపోతే కనీసం వారం ఆగాలి. కొత్త మార్పులను కెర్నెల్‌లో కలిపే రెండు వారాల మెర్జ్ విండోలో ఇంకా ఓపిక పట్టాలి. రివ్యూలో అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చి, సబ్జెక్టులో వీ2 (రెండో కూర్పు) అని పెట్టి మళ్లీ పంపాలి. తొలిసారికీ దీనికీ తేడా వివరణ తర్వాత వచ్చే మూడు గీతల (---) కింద రాస్తే అది ప్రాజెక్టు మార్పుల చరిత్రలోకి ఎక్కదు.

కాలేజీలు ఒక్క ల్యాబ్ పీరియడ్ దీనికి కేటాయించాలి. ప్రతి విద్యార్థీ ప్యాచ్‌ని ముందు తన మెయిల్‌కే పంపుకుని, మెయిల్లోని ప్యాచ్‌ని అతికించే గిట్ ఏఎమ్ ఆదేశంతో వేరే ఫోల్డర్లో ఉన్న కోడ్‌కి అతికించి చూడాలి. అక్కడ అతికితే బయటికి పంపవచ్చు.

– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్