సీసా గోడలోంచి పోయే వాయువు

సంపాదకులకు నమస్కారం.

ప్లాస్టిక్ సీసాలోని సోడా కొన్ని నెలలకు చప్పబడటానికి మూత బిగుతుగా లేకపోవడమే కారణమని మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం పేర్కొంది. మూత ఒక కారణమే గానీ, కార్బన్ డయాక్సైడ్ సీసా గోడలోంచి కూడా నెమ్మదిగా బయటికి పోతుందనీ, ఆ వేగం సీసాను తయారుచేసే పాలియెస్టర్ అనే ప్లాస్టిక్ అణునిర్మాణంపై ఆధారపడి ఉంటుందనీ అందులో చెప్పి ఉండవలసింది.

వాయు అణువు ముందు ప్లాస్టిక్‌లో కరిగి, ఆపై ప్లాస్టిక్‌లోని పొడవైన అణు గొలుసుల (పాలిమర్ గొలుసుల) మధ్య క్షణకాలం ఏర్పడే ఖాళీల గుండా గెంతుతూ ముందుకు సాగుతుంది. సాధారణ సీసాలకు వాడే పెట్ (PET) అనే పాలియెస్టర్‌లో, ఆరు కార్బన్ పరమాణువుల బెంజీన్ వలయం తన అక్షం చుట్టూ తిరగబడగలదు కాబట్టి అలాంటి దారులు తరచూ తెరుచుకుంటాయి. పెఫ్ (PEF) అనే మరో పాలియెస్టర్‌లో బెంజీన్‌కు బదులు నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న ఫ్యూరాన్ వలయం ఉంటుంది. దాన్ని గొలుసుతో కలిపే రెండు బంధాలు ఒకే సరళరేఖలో లేనందువల్ల ఆ తిరుగుడు బాగా తగ్గిపోతుంది. స్ఫటికాలు (గొలుసులు క్రమంగా, దగ్గరగా పేర్చుకున్న భాగాలు) లేని నమూనాలతో చేసిన కొలతల్లో పెట్‌తో పోలిస్తే పెఫ్ గుండా ఆక్సిజన్ సుమారు 11వ వంతు, కార్బన్ డయాక్సైడ్ సుమారు 19వ వంతు మాత్రమే పోయింది. విచిత్రమేమిటంటే, కార్బన్ డయాక్సైడ్ పెఫ్‌లోనే ఎక్కువగా కరుగుతుంది, అయినా కదలలేకపోతుంది.

బెంజీన్ వలయాన్నే ఉంచి, బంధాలను ఎదురెదురు స్థానాల్లో కాక, మధ్యలో ఒక కార్బన్‌ను వదిలి ఉండే మెటా స్థానాల్లో కలిపినా ఇటువంటి ఫలితమే వస్తుంది. స్ఫటిక భాగాల గుండా వాయువు దాదాపు పోదు కనుక, సీసాను ఊదేటప్పుడు గోడను సాగదీసి స్ఫటికాలు ఏర్పడేలా చేయడం కూడా ఉపకరిస్తుంది. ఇంత రసాయనశాస్త్రాన్ని వదిలేసి నింద మొత్తం మూత మీద వేయడం నాకు అన్యాయంగా తోచింది.

భవదీయుడు,
ఒక పాఠకుడు